స్తంభాలకు వంటకొవ్వు, 52వ వీధికి టియర్ గ్యాస్

ఫిలడెల్ఫియా నగర మేయర్ షెరెల్ పార్కర్ గారికి,

నమస్కారం. ఈ ఉత్తరం ఇంగ్లీషులో మీ ఆఫీసుకు విడిగా పంపాను. ఇక్కడున్న మా తెలుగువాళ్లతో కూడా పని ఉంది కాబట్టి తెలుగులోనూ రాస్తున్నాను.

2018 ఫిబ్రవరి 4 రాత్రి మన ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఈగిల్స్ మొదటిసారి సూపర్ బౌల్, అంటే ఆ ఆట ఫైనల్, గెలిచారు. ఆ సంబరంలో జనం లైటు స్తంభాలు పడగొట్టారు, కారు తిరగేశారు, పెట్రోలు బంకు షాపులో దూరి చేతికందింది పట్టుకుపోయారు. ఓ పెద్ద హోటల్ ముందు పందిరెక్కితే అది కాస్తా కూలింది. అరెస్టులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. అంతకు రెండు వారాల ముందు మ్యాచ్‌కైతే, ఎవరూ ఎక్కకుండా పోలీసులే స్తంభాలకు క్రిస్కో అనే వంటకొవ్వు పూశారు. వాళ్లకు 'క్రిస్కో కాప్స్' అని ముద్దుపేరు కూడా వచ్చింది.

2020 మే 31న, మినియాపోలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి వ్యక్తిని పోలీసు హత్య చేశాక ఊరూరా నిరసనలు జరుగుతున్నప్పుడు, వెస్ట్ ఫిలడెల్ఫియాలో 52వ వీధి. నల్లజాతి వ్యాపారాలకు పేరున్న వీధి అది. కొన్ని షాపులు లూటీ అయిన మాట నిజం. ఆ నష్టం చిన్నదని నేననను. కానీ టియర్ గ్యాస్, రబ్బరు బుల్లెట్లు పక్క సందుల దాకా వెళ్లాయి. తమ ఇంటి గుమ్మం దాటనివాళ్లకూ కళ్లు మండాయి. మర్నాడు 676 హైవే మీద, పారిపోవడానికి దారిలేని గట్టు మీద ఇరుక్కున్న నిరసనకారులపైనా గ్యాసే. అదే సాయంత్రం మన ఊళ్లోనే ఫిష్‌టౌన్ అనే పేటలో బేస్‌బాల్ బ్యాట్లు పట్టుకుని తిరిగిన తెల్లవాళ్ల గుంపును, కర్ఫ్యూ దాటినా, పోలీసులు చాలాసేపు చూస్తూ ఊరుకున్నారు. చివరికి 2023లో నగరం 343 మందికి 92.5 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. అది మనందరి పన్ను డబ్బే.

ఈగిల్స్ గుంపులో అన్ని రంగులవాళ్లూ ఉంటారు, ఒప్పుకుంటాను. అయినా ఆ గుంపు 'ఫ్యాన్స్'. నల్లజాతి పేటలో అద్దం పగిలితే ఆ పేటంతా 'రౌడీలు'.

మా వాట్సాప్ గ్రూపుల్లోనూ ఇదే తంతు. 2018లో స్తంభమెక్కినవాడి వీడియో పెట్టి నవ్వుకున్నవాళ్లే, రెండేళ్లకు 'వీళ్లింతే, అటువైపు వెళ్లకండి' అని ఫార్వర్డ్ చేశారు. అక్కడ ఊళ్లో ఒక వాడలో గొడవైతే వాడ మొత్తాన్ని తిట్టే అలవాటును సూట్‌కేసులో సర్దుకుని వచ్చాం. మన పిల్లలు ఏ నవ్వు, ఏ తిట్టు నేర్చుకుంటున్నారో ఎవరూ అడగరేం?

మేడమ్, 2020లో మీరు సిటీ కౌన్సిల్‌లో ఉన్నారు. ఆ అక్టోబరులో శాంతియుత నిరసనకారులపై టియర్ గ్యాస్ వాడొద్దని కౌన్సిలే తీర్మానించింది. మంచిదే. కానీ ఆటల రాత్రుల లెక్క ఎక్కడ? ఏ గుంపు మీద ఏం వాడారు, ఎవరి ఆదేశంతో, ఏ వీధిలో, ఎన్ని అరెస్టులు, ఎంత నష్టం అనేది ఆటలకూ నిరసనలకూ కలిపి ఒకే పట్టికలో పెట్టి, ప్రతిసారీ 30 రోజుల్లో బయటపెట్టమని పోలీసు కమిషనర్‌కు చెప్పండి. మా పేటకు, ఫిష్‌టౌన్‌కు, 52వ వీధికి ఒకే ఫారం.

ఆ పట్టికలో మొదటి వరుస, మీ హయాంలోనే ఈగిల్స్ మళ్లీ గెలిచిన 2025 ఫిబ్రవరి 9 రాత్రిది కావాలి.

ఇట్లు,
ఫిలడెల్ఫియాలో పన్ను కట్టే ఓ తెలుగువాడు