ఆవు వ్యాసం ఇక్కడ నడవదు: మిడిల్ స్కూల్ ఇంగ్లీషు క్లాసు గురించి ప్రిన్సిపాల్ ఉత్తరం

తల్లిదండ్రులకు, ఈమధ్యే ఇండియా నుంచి వచ్చి మనవళ్లను రోజూ బస్సు ఎక్కిస్తున్న అమ్మమ్మలకు, తాతయ్యలకు నమస్కారం.

ఆగస్టులో జరిగిన ఓపెన్ హౌస్‌లో ఒక నాన్నగారు ఆరో క్లాసు ఇంగ్లీషు గదంతా కలియజూసి, నన్ను పక్కకు పిలిచి మెల్లగా అడిగారు. "మేడమ్, టెక్స్ట్ బుక్ ఎక్కడ? ఎన్ని లెసన్లు అయ్యాయి?" ఆయన అడిగినందుకు సంతోషించాను. ఎందుకంటే ఆ సాయంత్రం మ్యాథ్స్ గది ముందు మనవాళ్లు వరస కట్టారు. ఇంగ్లీషు గదిలోకి వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకే ఈ నెల తెలుగు వార్తాలేఖ మొత్తం ఆ ఒక్క క్లాసుకే ఇస్తున్నాను. ఫుట్‌బాల్, బ్యాండ్, భోజనాల సంగతులు ఇంగ్లీషు లేఖలో ఉన్నాయి.

టైమ్‌టేబుల్‌లో ఆ క్లాసు పేరు ఇంగ్లీష్ లాంగ్వేజ్ ఆర్ట్స్ అండ్ రీడింగ్. పిల్లలు ఈఎల్ఏ అంటారు. పేరులో ఆర్ట్స్ ఉందని బొమ్మలు వేయించరు. చదవడం, రాయడం, వినడం, మాట్లాడడం అన్నీ కలిపి ఒకే క్లాసు. చాలా రాష్ట్రాలు తీసుకున్న కామన్ కోర్ అనే ఉమ్మడి ప్రమాణాలను టెక్సస్ తీసుకోలేదు. మనకు టీక్స్ అనే సొంత ప్రమాణాలు ఉన్నాయి. వాటిలో పాఠాల పేర్లు ఉండవు, ఏ క్లాసు పిల్లలకు ఏ పని చేతనవ్వాలో ఉంటుంది. అందుకే ఎన్ని లెసన్లు అయ్యాయని అడిగితే టీచర్లు తెల్లమొహం వేస్తారు. ఇప్పుడు ఏం నేర్పుతున్నారని అడిగి చూడండి, అరగంట ఆపరు.

నేను తెనాలి దగ్గర ఒక పల్లెలో తెలుగు మీడియంలో చదువుకున్నాను. ఇంగ్లీషు అంటే మాకు గైడు. ప్రశ్న చూడగానే జవాబు గైడులో ఎన్నో పేజీలో ఉందో చెప్పగలిగేదాన్ని. ఆవు వ్యాసం మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆవు మీద వ్యాసం ఒక్కటే బట్టీ పట్టిన కుర్రాడికి పరీక్షలో కొబ్బరిచెట్టు వస్తుంది. "మా పెరట్లో కొబ్బరిచెట్టు ఉంది. దానికి మా ఆవును కట్టేస్తాం. ఆవు సాధుజంతువు..." అని మొదలుపెడతాడు. ఆ కుర్రాణ్ణి చూసి నవ్వాం గానీ, మేమంతా వాడే. ఈ దేశం వచ్చి కాలేజీలో కూర్చున్న మొదటి వారం ప్రొఫెసరు ఒక వ్యాసం చదివించి "నువ్వేమనుకుంటున్నావు?" అని అడిగితే నా నోట మాట రాలేదు. నేను ఏమనుకుంటున్నానో అప్పటిదాకా ఎవరూ అడగలేదు మరి. మీ పిల్లల్ని ఇక్కడ ఆ ప్రశ్న రోజూ అడుగుతారు.

మన బడిలో ఈ క్లాసు రోజూ 90 నిమిషాలు. మొదటి పావుగంట ఎవరి పుస్తకం వాళ్లు నిశ్శబ్దంగా చదువుకుంటారు. పుస్తకం ఎంచుకునేది పిల్లలే. "మావాడు బొమ్మల పుస్తకాలే చదువుతున్నాడు" అని ఏటా నాకు మెయిల్స్ వస్తాయి. గ్రాఫిక్ నవలలు కూడా చదువే. ముందు చదవనివ్వండి, బరువైన పుస్తకాలు మెల్లగా టీచరు అందిస్తుంది. ఆ తర్వాత పది, పదిహేను నిమిషాల చిన్న పాఠం. మిగతా సమయమంతా పిల్లల పనే. టీచరు ఒక్కో బల్ల దగ్గరికి వచ్చి పక్కన కూర్చుని మాట్లాడుతుంది. అద్దంలోంచి చూస్తే గోలగా ఉన్నట్టు కనిపిస్తుంది. కంగారు పడకండి.

చదవడం అంటే ఇక్కడ మాటలకు అర్థాలు తెలుసుకోవడంతో అయిపోదు. టీచరు బోర్డు మీద ఇలాంటి మూడు వాక్యాలు రాస్తుందనుకోండి: తాతయ్య ఫోన్ పెట్టేశాడు. చాలాసేపు కిటికీ దగ్గరే నిలబడ్డాడు. కాఫీ చల్లారిపోయింది. తాతయ్యకు ఎలా ఉంది? బాధగా ఉందని క్లాసంతా అంటుంది. బాధ అనే మాట ఎక్కడా లేదే, ఏ వాక్యం చూసి చెప్పారు? అసలు పాఠం ఇక్కడ మొదలవుతుంది. ఒకరు కిటికీ అంటారు, ఒకరు కాఫీ అంటారు. ఒక పిల్ల లేచి, "బాధ కాకపోవచ్చు, ఏదో నిర్ణయం తీసుకుంటున్నాడేమో" అంటుంది. ఆ పిల్ల తప్పు చెప్పలేదు. ఆధారం చూపించగలిగితే ఆ జవాబుకూ పూర్తి మార్కులే. ఒకే ప్రశ్నకు రెండు జవాబులూ సరైనవే కావడం మన పిల్లలకు కాస్త ఇబ్బందిగా ఉంటుంది. నిజం చెప్పాలంటే మనకు ఇంకా ఇబ్బంది.

మన పిల్లలు తడబడే ఇంకో చోటు థీమ్. కథ చివర "నీతి" అని రాసి ఉండే కథల మీద పెరిగాం కదా, ఏ కథ ఇచ్చినా "అబద్ధం ఆడకూడదు" అని రాసేస్తారు. లేదంటే "స్నేహం" అని ఒక్క మాట రాసి ఊరుకుంటారు. స్నేహం అనేది విషయం మాత్రమే. దాని గురించి ఈ కథ ఏం అంటోందో ఒక పూర్తి వాక్యంలో చెప్పాలి. స్నేహితుడి తప్పును కప్పిపెట్టడం కూడా ఒక్కోసారి ద్రోహమే, ఇలా. ఏడో క్లాసులో సగం ఏడాది ఈ ఒక్క వాక్యం కోసమే పోతుందంటే నమ్మండి.

ఇక రాత. పిల్లల నోట "రేస్" అనే మాట వింటారు. అది పరుగు పందెం కాదు, జవాబు కట్టే పద్ధతి. ప్రశ్నను తన వాక్యంలోకి తెచ్చుకోవాలి, జవాబు చెప్పాలి, చదివినదాంట్లోంచి ఆధారం చూపాలి, ఆ ఆధారం తన జవాబును ఎలా నిలబెడుతుందో వివరించాలి. చాలామంది మూడో మెట్టు మీదే ఆగిపోతారు. కొటేషన్ పెట్టేసి పని అయిపోయిందనుకుంటారు. నాలుగోది ఎవరూ అరువివ్వలేరు, అది పిల్లల బుర్రలోంచే రావాలి.

పెద్ద వ్యాసమైతే ముందు ప్లాను, తర్వాత చిత్తుప్రతి, దాన్ని తిరగరాయడం, చివరగా అక్షర దోషాలు దిద్దుకోవడం. ఈ వరస తెలియక చాలామంది తల్లులు నోట్‌బుక్ తెచ్చి, "ఇన్ని స్పెల్లింగ్ తప్పులుంటే ఎర్ర పెన్ను పెట్టలేదేం?" అని అడుగుతారు. చిత్తుప్రతిలో టీచరు చూసేది ఆలోచన. రేపు కొట్టేయబోయే పేరాలో కామాలు దిద్ది లాభం ఏముంది?

దీనికి రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్షే సాక్ష్యం. 2023 నుంచి మూడో క్లాసు మొదలు ఎనిమిది దాకా అందరూ రీడింగ్ పరీక్షలో ఒక పెద్ద జవాబు రాయాలి. అంతకుముందు రాత పరీక్ష నాలుగు, ఏడు క్లాసులకే విడిగా ఉండేది. ఇచ్చిన పాఠం చదివి, దాని ఆధారంగానే రాయాలి. కొలత 5 పాయింట్లు. ఆలోచన, దాన్ని అమర్చిన తీరుకు 3, వ్యాకరణం, స్పెల్లింగ్, విరామ చిహ్నాలు అన్నిటికీ కలిపి 2. మొదటిదాంట్లో సున్నా వస్తే రెండోదాంట్లోనూ సున్నాయే. ఒక్క తప్పు లేకుండా రాసిన ఆవు వ్యాసానికి వచ్చేది కూడా అదే సున్నా. పరీక్ష కంప్యూటర్ మీద కాబట్టి టైపింగ్ రావాలి. రెండు వేళ్లతో కొట్టే పిల్లలకు ఆలోచన చల్లారిపోతుంది.

స్పెల్లింగ్ అనగానే మనవాళ్లకు స్పెల్లింగ్ బీ గుర్తొస్తుంది. 2025లో స్క్రిప్స్ నేషనల్ స్పెల్లింగ్ బీ గెలిచిన అబ్బాయి ఇక్కడే, డాలస్ పక్క ఊరివాడు. నాకూ గర్వమే. కానీ బీ వేరు, ఈ క్లాసు వేరు. ఇక్కడ మాటల జాబితాలు బట్టీ పట్టించరు. గ్రీకు, లాటిన్ మూలాలు నేర్పిస్తారు. ఇది మీరు ఇంట్లో చక్కగా చెప్పగలిగిన సంగతి. హారం ముందు ఉపసర్గ మారితే ఆహారం, విహారం, సంహారం, పరిహారం అయినట్టే, మోయడం అనే అర్థమున్న "పోర్ట్" ముందు మారితే ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్, ట్రాన్స్‌పోర్ట్. తెలుగు వ్యాకరణం చదివిన తాతయ్య ఇంట్లో ఉంటే ట్యూషన్ అక్కర్లేదు.

మాట్లాడడం కూడా మార్కులున్న పనే. సోక్రటిక్ సెమినార్ అని ఒకటి పెడతారు. లోపలి వలయంలో కూర్చున్నవాళ్లు పుస్తకం గురించి చర్చిస్తారు, బయటి వలయం విని రాసుకుంటుంది. టీచరు దాదాపు నోరు విప్పదు. ఎదురు చెప్పకూడదని పెంచిన పిల్లలు ఇక్కడ నోరు కట్టేసుకుంటారు. "నేను ఒప్పుకోను, ఎందుకంటే" అని మర్యాదగా మొదలుపెట్టడం ఒక విద్య. భోజనాల దగ్గర రోజుకొకసారి మీ మాటకు అడ్డు చెప్పనివ్వండి. కోపం రాకుండా వినడం కష్టమే, నాకు తెలుసు. మా ఇంట్లోనూ ఒక పదమూడేళ్ల లాయరు ఉంది.

ఇండియాలో అయిదు, ఆరు చదివి వచ్చిన పిల్లలు మొదటి నెలలో చిన్నబుచ్చుకుంటారు. కలర్‌లో "యు" రాస్తే తప్పంటారు, ఫుల్‌స్టాప్ ఇక్కడ పీరియడ్, రబ్బరు ఇక్కడ ఇరేజర్. "మా అక్క పోయినేడు పాస్డ్ అవుట్ అయింది" అని ఒక అమ్మాయి రాస్తే టీచరు కంగారుగా నా దగ్గరికి వచ్చింది. ఇక్కడ ఆ మాటకు స్పృహ తప్పి పడిపోవడం అని అర్థం. "ఎ", "ది" లాంటివి తెలుగులో లేనే లేవు, అవి ఎక్కడ పెట్టాలో తెలియడానికి ఏళ్లు పడుతుంది. అది తెలివితక్కువతనం కాదు, ఇంకో భాష వచ్చినవాళ్ల గుర్తు.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. బడిలో చేర్పించేటప్పుడు హోమ్ లాంగ్వేజ్ సర్వేలో ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడుగుతారు. "తెలుగు అని రాస్తే ఈఎస్ఎల్‌లో (ఇంగ్లీషు ఇంకా నేర్చుకుంటున్న పిల్లలకు ఇచ్చే ప్రత్యేక బోధనలో) పడేస్తారు" అని వాట్సాప్ గ్రూపుల్లో ఒకరికొకరు చెప్పుకుని ఇంగ్లీషు అని రాసేస్తున్నారు. దయచేసి ఉన్నది రాయండి. తెలుగు అని రాస్తే పరీక్ష పెడతారు, ఇంగ్లీషు బాగా వస్తే అంతటితో సరి. రాకపోతే సాయం అందుతుంది. ఆ సాయం మొదలుపెట్టడానికి మీ అనుమతి కావాలి, వద్దనే హక్కు మీకు ఉంది. వద్దన్నా, ఇంగ్లీషు పూర్తిగా వచ్చిందని తేలేదాకా ఏటా టెల్పాస్ అనే పరీక్ష మాత్రం రాయాలి. మన బడిలో పిల్లల్ని వేరే గదికి పంపరు, అదే ఈఎల్ఏ గదిలో ఆ శిక్షణ ఉన్న టీచరే చూసుకుంటుంది.

కాపీ సంగతి. గైడులో ఉన్నది అక్షరం పొల్లుపోకుండా రాస్తే మాకు "వెరీ గుడ్" వచ్చేది. ఇక్కడ ఇంకొకరి వాక్యం పేరు చెప్పకుండా రాస్తే దొంగతనం కింద లెక్క. పోయినేడు ఒక కేసు. బాబు వ్యాసం అద్భుతంగా ఉంది. గూగుల్ డాక్స్‌లో ఏ మాట ఎప్పుడు రాశారో చూపించే వెర్షన్ హిస్టరీ తెరిస్తే, రాత్రి 11 తర్వాత నాలుగు పేరాలు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. చాట్‌జీపీటీ అనుకున్నాం. తీరా చూస్తే రాసింది వాళ్ల నాన్నగారు! ఆయనకు గ్రేడు ఇచ్చే వీలు లేక బాబు చేత మళ్లీ రాయించాం, బి వచ్చింది. ఆ బి నాకు చాలా ఇష్టం. వ్యాసం చదివి "ఇక్కడ నాకు అర్థం కాలేదు, ఇంకొంచెం చెప్పు" అనండి. కీబోర్డు మాత్రం ముట్టుకోకండి.

గ్రేడ్ల గురించి ఎక్కువ చెప్పను. 70 వస్తే పాస్. పోర్టల్‌ను అర్ధరాత్రి రిఫ్రెష్ చేసి టెన్షన్ పడకండి, టీచర్లు కూడా నిద్రపోతారు. ఎనిమిదో క్లాసులో స్టార్ తప్పితే పై క్లాసుకు పంపరన్న పాత షరతు 2021లోనే పోయింది. తప్పినవాళ్లకు అదనపు బోధన ఉంటుంది. 2025లో వచ్చిన చట్టం ప్రకారం 2027-28 నుంచి స్టార్ బదులు ఏడాది మొదట్లో, మధ్యలో, చివర్లో మూడు చిన్న పరీక్షలు వస్తాయి. ఏదైనా పుస్తకం మీ పిల్లలకు తగదనిపిస్తే ముందు మీరు చదివి, టీచరుకు మెయిల్ పెట్టండి. వేరే పుస్తకం ఇస్తారు.

ఇంట్లో ఏం చేయాలని అడిగేవారికి నేను చెప్పేది ఒకటే, తెలుగు మానకండి. ఇంగ్లీషు బాగుపడాలని ఇంట్లో తెలుగు ఆపేసిన కుటుంబాలను చూశాను. పిల్లలకు వచ్చిన లాభం ఏమీ కనిపించలేదు, అమ్మమ్మతో మాటలు మాత్రం పోయాయి. బడిలో చదివిన అధ్యాయాన్ని రాత్రి అమ్మమ్మకు తెలుగులో చెప్పమనండి. ఆవిడ ఊరికే ఉండదు కదా, "మరి ఆ పిల్ల ఎందుకు అలా చేసింది?" అంటుంది. ఏది ముఖ్యం, ఏది వదిలేయాలి, ఎందుకు జరిగింది అని ఆలోచించకుండా ఆవిడకు జవాబు చెప్పలేరు. మా టీచర్లు క్లాసులో చేయించేది కూడా ఇదే.

అక్టోబరులో టీచర్లతో ముఖాముఖి సమావేశాలు ఉన్నాయి, ఒక్కొక్కరికి 15 నిమిషాలు. సైన్ అప్ ఫారం ఈ లేఖతో పాటు వస్తుంది. మ్యాథ్స్ గడి కింద ఈఎల్ఏ గడి కూడా ఉంది, ఈసారి అదీ నింపండి. తెలుగులో మాట్లాడితేనే సుఖమనుకునేవాళ్లు ఫారంలో ఆ మాట రాయండి, మనిషిని ఏర్పాటు చేస్తాం. ఎవరూ దొరక్కపోతే నేనే వచ్చి కూర్చుంటాను. పిల్లల నోట్‌బుక్ వెంట తీసుకురండి, కొట్టివేతలు ఎక్కువున్నదైతే మరీ మంచిది.

మీ ప్రిన్సిపాల్