కారవాన్ వైరింగ్‌ను ఎవరు చూస్తున్నారు?

సంపాదకులు గారికి నమస్కారం.

2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపి ఉంచిన ఒక కారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. ఏసీ కోసం వేసిన జెనరేటర్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ బండి లోపలికి చేరిందని దర్యాప్తులో తేలింది. ఇప్పుడు మా ఆటోనగర్‌కు వ్యాన్ తెచ్చి పడకలు, ఫ్రిజ్, ఏసీ పెట్టించుకునేవాళ్లలో చాలామంది "జెనరేటర్ మాకొద్దు, లిథియం బ్యాటరీ పెట్టండి" అని ముందే చెబుతున్నారు. మంచి మాటే. పొగ ఉండదు, చప్పుడు ఉండదు. కానీ బ్యాటరీ మారినంత తొందరగా వైరింగ్ చేసే అలవాటు మారలేదు. ఇంట్లో ఇన్వర్టర్ బిగించినట్టే బండిలోనూ బిగించేస్తున్నారు. నా భయమంతా అక్కడే.

ఇంట్లో 2000 వాట్ల లోడు వేస్తే 230 వోల్టుల మీద 9 ఆంపియర్లు కూడా దాటదు. అదే లోడును 12 వోల్టుల బ్యాటరీ మీద ఇన్వర్టర్‌తో నడిపితే, బ్యాటరీ నుంచి ఇన్వర్టర్ దాకా వెళ్లే వైరులో 170 ఆంపియర్లకు పైగా కరెంటు పారుతుంది. చార్జింగ్ తగ్గేకొద్దీ ఇంకా పెరుగుతుంది. దానికి ఎంత తక్కువ చూసుకున్నా 50 ఎస్‌క్యూ ఎంఎం (చదరపు మిల్లీమీటర్ల) రాగి కేబుల్ కావాలి, దూరం ఎక్కువైతే 70 వేయాలి. ఈమధ్య మా షాపుకు వచ్చిన ఒక వ్యాన్‌లో సీటు తీసి చూస్తే 16 ఎస్‌క్యూ ఎంఎం వైరు ఉంది. వైరు చివర ఉండే లగ్గును (టెర్మినల్‌కు బిగించే ముక్కను) క్రింపింగ్ టూల్‌తో నొక్కలేదు, సుత్తితో కొట్టి అణిచారు. వైరు ఫ్లోర్ రేకులోని రంధ్రం గుండా కిందికి దిగుతోంది. ఆ రంధ్రానికి రబ్బరు గ్రామెట్ లేదు. బండి ఊగినప్పుడల్లా రేకు అంచు రాసుకుని ఎర్ర తొడుగు మీద తెల్లటి గాడి పడింది. ఇంకొంచెం అరిగితే లోపలి రాగి తీగ బండి బాడీకి తగిలి షార్ట్ అయ్యేది. బ్యాటరీకీ ఆ రంధ్రానికీ మధ్య ఫ్యూజు అనేదే లేదు. ఆ బండిలో రాత్రిళ్లు పిల్లలు పడుకుంటారు.

పాత లెడ్ యాసిడ్ బ్యాటరీ పెద్ద లోడు పడితే నీరసపడిపోతుంది, వోల్టేజీ పడిపోయి ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. లిథియం అలా కాదు, దాదాపు చివరిదాకా ఒకే బలంతో కరెంటు ఇస్తుంది. వైరు తట్టుకోలేకపోతే కాలేది వైరే. పైగా షార్ట్ అయితే వేల ఆంపియర్లు ఒక్కసారిగా వస్తాయి. కారు ఆడియో షాపుల్లో దొరికే చవక ఫ్యూజు అంత కరెంటును తెంచలేక, లోపల మంట నిలబడిపోవచ్చు. క్లాస్ టి రకం ఫ్యూజు 20,000 ఆంపియర్ల షార్ట్‌ను కూడా ఆపేలా తయారవుతుంది. దాన్ని బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కు జానెడు దూరంలోనే పెట్టాలి. ఇన్వర్టర్ పక్కన పెడితే మధ్యలో ఉన్న వైరుకు దిక్కుండదు.

ఇంకో అలవాటు మరీ ప్రమాదం. బ్యాటరీ నుంచి వచ్చే డీసీ లైనులో, ఇంటికి వచ్చే ఏసీ కరెంటు కోసం చేసిన ఎంసీబీ (లోడు మించితే తానే పడిపోయే స్విచ్) బిగిస్తున్నారు. ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి స్విచ్ విడిపోగానే లోపలి నిప్పు ఆరిపోతుంది. డీసీ ఎప్పుడూ సున్నాకు రాదు. ఎంసీబీ పడిపోయినట్టు కనిపించినా లోపల ఆ నిప్పు (ఆర్క్) మండుతూనే ఉండొచ్చు. డీసీకి డీసీ బ్రేకరే వాడాలి, ధర ఎక్కువైనా సరే.

"బీఎంఎస్ ఉంది కదండీ, అదే చూసుకుంటుంది" అని కస్టమర్లూ అంటారు, కొందరు మెకానిక్‌లూ అంటారు. బీఎంఎస్ అంటే బ్యాటరీలోనే ఉండి దాన్ని కాపాడే సర్క్యూట్. అది ఉండాల్సిందే. అయితే అందులో స్విచ్‌ల్లా పనిచేసే మాస్‌ఫెట్లు పాడైతే ఒక్కోసారి ఆన్‌లోనే ఉండిపోతాయి. అందుకే దానికి బయట ఫ్యూజు, చేత్తో తిప్పే ఐసొలేటర్ స్విచ్ వేరుగా కావాలి. ఇంజన్‌తో తిరిగి కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ నుంచి లిథియంకు నేరుగా లైను లాగడం కూడా మానాలి. బ్యాటరీ ఎంత అడిగితే అంతా ఇవ్వబోయి, బండి ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోవచ్చు. మధ్యలో కరెంటును అదుపులో ఉంచే డీసీ టు డీసీ చార్జర్ పెడితే ఆ టెన్షన్ ఉండదు.

మన ఎండలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) అనే లిథియం రకం బ్యాటరీల్లో చాలావాటిని 45 నుంచి 55 డిగ్రీలు దాటితే చార్జ్ చేయకూడదు. మే నెలలో విజయవాడలో, రామగుండంలో ఎండలో మూసి ఉంచిన బండి లోపల అంతకంటే ఎక్కువే ఉంటుంది. చలికాలం లద్దాఖ్ దాకా వెళ్లేవాళ్లకు ఇంకో చిక్కు. సున్నా డిగ్రీల కింద చార్జ్ చేస్తే సెల్ లోపల శాశ్వతంగా దెబ్బతింటుంది. లో టెంపరేచర్ కటాఫ్ ఉందో లేదో కొనేముందే అడగాలి.

ఎల్‌ఎఫ్‌పీ మిగతా లిథియం రకాలకంటే వేడిని బాగా తట్టుకుంటుంది, నిజమే. కానీ సెల్ చెడితే అదీ మండే వాయువులను వదులుతుంది. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మొదలైన మంటలు, పొగ పైనున్న లాడ్జిని కమ్మేసి 8 మందిని బలి తీసుకున్నాయి. కారవాన్‌లో షోరూం, లాడ్జి ఒకే గదిలో ఉన్నట్టే. బ్యాటరీ పెట్టెకు బండి బయటికి గాలి గొట్టం ఉండాలి. ఉన్న ఒక్క తలుపు పక్కనే, మంచం కింద బ్యాటరీ పెట్టడం అసలు కుదరదని చెప్పాలి. 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర చిన్నటేకూరులో బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. దాని కారణం వేరు. కానీ నిద్రలో ఉన్న మనుషులకు బయటపడే వ్యవధి ఎంత తక్కువో ఆ రాత్రి అందరం చూశాం.

ఇక అసలు విషయం. కంపెనీలో తయారయ్యే మోటార్ కారవాన్లకు ఏఐఎస్-124 అనే వాహన పరిశ్రమ ప్రమాణం ఉంది. స్కూటర్లు వరసగా తగలబడ్డాక, 2022లో అలాంటి బండ్లను నడిపే బ్యాటరీలకు ఏఐఎస్-156 నిబంధనలను కేంద్రం కట్టుదిట్టం చేసింది. మరి టెంపో ట్రావెలర్ కొని బజారులో మార్పించుకున్న బండిలో, సీటు కింద ఉండి ఫ్రిజ్, ఏసీ నడిపే బ్యాటరీ సంగతి? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిలో మార్పులకు అనుమతి తీసుకోవాలి. నేను చూసినంతవరకు ఆ పరీక్షలో సీట్లు, కొలతలు చూస్తారు, సీటు ఎత్తి వైరు చూసేవాళ్లు లేరు. సినిమా హాలుకు, అపార్ట్‌మెంట్ లిఫ్టుకు ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ ఉన్నారు. మనుషులు రాత్రంతా పడుకునే బండికి ఎందుకు ఉండకూడదు?

కారవాన్ టూరిజం పెంచుతామని ప్రభుత్వం చెబుతోంది. సంతోషం, మా పనివాళ్లకు నాలుగు రూకలు దొరుకుతాయి. దానితోపాటు రవాణా శాఖ, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ కలిసి ఒక చిన్న ఫారం తేవాలని కోరుతున్నాను. బ్యాటరీ రకం, కేబుల్ సైజు, ఫ్యూజు రేటింగు, అది ఎక్కడుందో చూపే బొమ్మ, 230 వోల్టుల వైపు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంచి షాక్ నుంచి కాపాడే స్విచ్), బాడీ ఎర్త్, పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం, ఇవన్నీ ఒక పేజీలో సరిపోతాయి. కింద పని చేసినవాడి సంతకం, లైసెన్సు ఉన్న కాంట్రాక్టర్ సంతకం ఉండాలి. ఆ కాగితం లేని బండికి ఫిట్‌నెస్ ఇవ్వకూడదు. క్రింపింగ్, డీసీ వైరింగ్ మీద మా ఆటోనగర్ కుర్రాళ్లకు ఐటీఐలో వారం రోజులు శిక్షణ పెడితే మేమే పంపిస్తాం.

ఇట్లు,
ఒక ఆటో ఎలక్ట్రీషియన్,
విజయవాడ