ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుల సంఘం: వార్షిక నివేదిక

సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారాలు. సంఘం ఆశయాలు మీకు కొత్త కావు కాబట్టి నేరుగా ఏడాది పనిలోకి వస్తాను.

ఈ ఏడు మనం గర్వంగా చెప్పుకోవలసింది అక్టోబరు 5న, ప్రపంచ ఉపాధ్యాయ దినోత్సవం నాడు జరిపిన ప్రదర్శన. సన్మానాలు, ఉపన్యాసాలు వద్దనుకున్నాం. పిల్లల నోటుపుస్తకాల్లోని తప్పుల పేజీలను, పేర్లు కనపడకుండా కప్పి, గోడల నిండా అంటించాం. ప్రతి పేజీ కిందా ఒకటే ప్రశ్న: ఈ బిడ్డ ఏమనుకుని ఇలా రాసి ఉంటుంది?

52లోంచి 27 తీసేస్తే 35 అని రాసిన పేజీ దగ్గర చాలాసేపు ఎవరూ కదల్లేదు. రెండులోంచి ఏడు పోదు గనుక ఏడులోంచి రెండు తీసేసింది ఆ బిడ్డ. పెద్దదాంట్లోంచే చిన్నది తీయాలని మొదట్లో మనం చెప్పే మాటనే గట్టిగా పట్టుకుంది. ఒక సీనియర్ సభ్యురాలు అక్కడే పది పుల్లల కట్ట విప్పి, ఒకట్లలో కలిపి, అరువు తెచ్చుకోవడమంటే ఏమిటో చేసి చూపించారు. పక్క పేజీలో నూట ఐదుకు 1005 అని ఉంది. వంద రాసి పక్కన ఐదు పెట్టాడు, విన్నది విన్నట్టు. ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన పెడితే ఈ ఆలోచన మన కంట పడదు.

మధ్యాహ్నం జరిగిన చర్చ, పిల్లల్ని ప్రశ్న అడిగాక జవాబు కోసం ఆగడం గురించి. మనం సగటున ఒక్క సెకను కూడా ఆగమని, మూడు సెకన్లు ఆగితే మాట్లాడే పిల్లలు పెరుగుతారని, జవాబులూ పొడవవుతాయని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే చూపించారు. ఆ మూడు సెకన్లు క్లాసులో ఎంత పొడుగ్గా ఉంటాయో సభ్యులు ఒకరి మీద ఒకరు ప్రయోగించి చూసుకున్నారు.

ఒకటో తరగతి చెప్పే సభ్యుడొకరు ఆ రోజు చెప్పింది ఇక్కడ నమోదు చేయాలి. నెలల తరబడి 'త', 'లు', 'పు' అని విడివిడిగా పలికిన పిల్లవాడు ఓ పూట 'తలుపు' అనేసి, తలెత్తి తలుపు వైపు చూశాడట. ఆ చూపు కోసమే మనలో చాలామంది ఈ ఉద్యోగంలో ఉన్నాం.

ఇక బాధ కలిగించిన సంగతులు. పాఠం మధ్యలో ఆపి నింపాల్సిన రిజిస్టర్లు, వివరాల గురించి వినతిపత్రం ఇచ్చాం. ఉపాధ్యాయుల హోదాపై అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునెస్కోల సిఫారసు 1966 అక్టోబరు 5న ఆమోదం పొందింది; అది బోధనేతర పనులకు సహాయక సిబ్బంది ఉండాలని, ప్రతి విద్యార్థినీ విడిగా పట్టించుకోగలిగేంతగానే తరగతి ఉండాలని చెబుతుంది. ఆ ప్రతినీ జత చేశాం. జవాబు లేదు. ప్రదర్శనకు పిలిచిన అధికారులెవరూ రాలేదు. వాళ్ల కోసం వేసిన కుర్చీల్లో మనమే కూర్చున్నాం. వాళ్ల సంగతి అలా ఉంచితే, పని చేస్తామని పేర్లిచ్చిన సభ్యుల్లో సగంమంది ఆ ఉదయం కనపడలేదు. ఆరోగ్యం, ఇంటి బాధ్యతలు అందరికీ ఉంటాయి, కాదనను. రాలేమని ముందురోజు ఒక్క ఫోను చేసి ఉంటే, గొంతు బాగాలేని సభ్యురాలు నిచ్చెన ఎక్కి పేజీలు అంటిస్తూ, కింద ఉన్నవాళ్లకు కేకలేసి చెప్పే అవసరం వచ్చేది కాదు.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, కోశాధికారి చదువుతారు. చందా బాకీలున్నవారు దయచేసి ఈ రోజే చెల్లించండి.

పేజీలు పంపిన ఉపాధ్యాయులకు, అందుకు ఒప్పుకున్న తల్లిదండ్రులకు, హాలు ఇచ్చిన పాఠశాల యాజమాన్యానికి, చివరిదాకా ఉండి గోడలు శుభ్రం చేసిన యువ సభ్యులకు, ఉపాధ్యక్షులకు, సంయుక్త కార్యదర్శికి పేరుపేరునా కృతజ్ఞతలు.

వచ్చే ప్రదర్శనలో భాష నోటుపుస్తకాలు కూడా పెట్టాలని కార్యవర్గం తీర్మానించింది. ఒత్తులు, గుణింతాల దగ్గర పిల్లలు చేసే తప్పులు దాచి ఉంచండి. పనికి పేర్లిచ్చేవారు, తప్పక రాగలిగితేనే, సమావేశం ముగిసేలోగా ఇవ్వండి.

ఈ నివేదికను ఆమోదించవలసిందిగా సభను కోరుతూ,

కార్యదర్శి