బంగారమైతే ఏం కాదనుకోకు

అరేయ్ శీనూ,

అంత మంచిదేనా? మీ బిడ్డ ముక్కు కుట్టించుకుంటనంటే "22 క్యారెట్లది చేయించి తెస్త, ఏం కాదు" అన్నవట, చెల్లె ఫోన్ల చెప్పింది. ఔసలోళ్ల ఇంట్ల పుట్టిన దోస్తును హన్మకొండల పెట్టుకొని ఒక్కమాట అడగవా? గందుకే ఇంత పొడుగు రాస్తున్న, తీరిగ్గ సదువు.

22 క్యారెట్ల బంగారం మెత్తన. చిన్న రాపిడికే గీతలు పడ్తయి, ఆ గీతలల్ల మురికి ఆగుతది. మానిన ముక్కుకు ఫరక్ పడదు గని, పచ్చి పుండుకు 14 నుంచి 18 క్యారెట్లే మేలు. అప్పుడు మిగిలిన భాగంల ఏం కలిపిండ్రో అడగాలె. రాగి, వెండి అయితే సరే. తెల్ల బంగారమంటే జర ఆగు, అండ్ల చానసార్లు నికెల్ ఉంటది. ఇంకో సంగతి, రెండు గ్రాముల లోపు నగకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. ముక్కుపుడక ఎన్నడన్న రెండు గ్రాములు తూగుతదా? అంటే నువ్వు నమ్మేది ఉత్త దుకాణపాయన మాటనే. "ఇది కేడీఎం" అని గొప్పగ చెప్తే అసలే తీసుకోకు. కేడీఎం అంటే టంకంల కాడ్మియం అనే విషపు లోహం కలుపుడు. దాని పొగ పీల్చేది పనిచేసేటోళ్లే. అందుకే మా నాయిన ఆ టంకం ముట్టకపోయేది.

అసలు తంటా నికెల్‌తోటి. దురద, ఎర్రగ వాసుడు, నీరు కారుడు. మనోళ్లు "నగ పడ్తలేదు" అని ఊకుంటరు. ఒక్కసారి ఒంటికి పడకుంట అయిందంటే బతికినంత కాలం పోదు, ప్యాంటు గుండీ తగిలినా దద్దురు లేస్తది. యూరప్‌ల అయితే కుట్టిన రంధ్రంల పెట్టే నగ నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.2 మైక్రోగ్రాములకు మించి నికెల్ బయటికి రావద్దని చట్టమే ఉన్నది. మన దగ్గర వన్ గ్రామ్ గోల్డ్ పూత అరిగినంక లోపల ఏమున్నదో ఎవలకెరుక! నగలకు వాడే 316ఎల్ రకం స్టీల్‌ల కూడ 10 నుంచి 14 శాతం నికెల్ ఉంటది. అది గట్టిగ పట్టుకొని ఉంటది కాబట్టి చానమందికి ఏం కాదు గని, ఇంతకుముందే పడనోళ్లకు వద్దు.

మీ కరీంనగర్ వెండి తీగె పని అంటే నాకు పానం. అయినా పచ్చి రంధ్రంల ఉత్త వెండి నగ వద్దురా, నల్లబడి ఆ మచ్చ తోలుల ఉండిపోతది.

నన్నడిగితే టైటానియం. ఏఎస్‌టీఎం ఎఫ్136 అని అడుగు, ఎముకలల్ల ఏసే రాడ్లకు వాడే రకమే. స్టీల్ బరువుల సగం కంటే జరంత ఎక్కువ, అంతే. నీలం, ఊదా రంగులు చూసి పెయింట్ అనుకోకు, కరెంటు పెట్టి పైపొర మందం మారిస్తే వచ్చే రంగులవి. అమ్మేటాయన దగ్గర మిల్ సర్టిఫికెట్, అంటే ఆ లోహంల ఏమేం ఉన్నయో ఫ్యాక్టరీ రాసిచ్చే కాగితం, ఉండాలె. లేదంటే లేసి రా.

తీగె కూడ చూడు. మనం చేసే కమ్మల కాడ మీదనే మర ఉంటది కదా, ఎనక శీల బిగించేది. వేలి కొనతోటి రుద్ది చూడు, గరుకు తెలుస్తది. మానని రంధ్రంలకెళ్లి దాన్ని గుంజితే లోపలంత గీక్కుంట వస్తది. మర కాడ లోపల ఉన్నదో, అసలు మరే లేకుంట నొక్కితే ఆగేదో కొను. ముక్కుకు 18 గాని 20 గాని గేజ్ సరిపోతది. నంబరు పెరిగినకొద్ది తీగె సన్నగైతది, ఎనకాముందు అనుకోకు. మొదట కొంచెం పొడుగుది పెట్టించు, ఎందుకంటే వాస్తది.

గన్నుతోటి మాత్రం కొట్టియ్యకు. ప్లాస్టిక్ గన్నును ఆటోక్లేవ్‌ల, అంటే ఆవిరితోటి క్రిములను చంపే మిషన్ల, పెట్టరాదు, పైగ మొద్దు మొన బలంగ గుచ్చుకపోతది. ఒక్కసారి వాడి పారేసే సూదితోటి కుట్టేటోళ్ల దగ్గరికే పో. మీ అమ్మ పసుపు, నూనె అంటది, వద్దను. 0.9 శాతం సెలైన్ చాలు. మానాలంటే నాలుగు నుంచి ఆరు నెలలు పడ్తది. బతుకమ్మకు కొత్త ముక్కుపుడక పెట్టుకుంటనని బిడ్డ మొండికేస్తే ఇప్పుడే కుట్టించు, లేకుంటె పండుగ అయినంక కుట్టించు.

ముందు ఒక పని చెయ్. బిడ్డకు వాచీ కింద గాని, ఉత్తుత్తి కమ్మలకు గాని ఎప్పుడన్న దురద లేసిందా అడిగి మెసేజ్ పెట్టు. లేసిందంటే స్టీల్ ఊసే లేదు, నేను టైటానియంది చూసి పెడ్త.

నీ
రాజు