ఆదివారం చర్చ: సువారెజ్ మనకెందుకు దక్కలేదు?

అందరికీ నమస్తే 🔴

ఆదివారం రాత్రి 8 గంటలకు గ్రూప్ కాల్. 2013లో మన ఫుట్‌బాల్ క్లబ్ ఆర్సెనల్‌కు లివర్‌పూల్ స్ట్రైకర్ లూయిస్ సువారెజ్ ఎందుకు రాలేదన్నదే విషయం. ఇక్కడ మెసేజ్‌ల వరదలో ఎవరు ఎవరికి జవాబిస్తున్నారో అర్థం కావట్లేదు, అందుకే కాల్ పెడుతున్నాం.

మాట్లాడేవాళ్లు శనివారం లోపు ఇక్కడ పేరు రాయండి. ఏ పక్షమో కూడా చెప్పండి: తప్పు మన బోర్డుదా, లివర్‌పూల్‌దా?

కొన్ని సంగతులు చూసుకుని రండి. మనవాళ్లు ఇస్తామన్నది 4,00,00,001 పౌండ్లు. ఆ పైన ఒక్క పౌండు, లివర్‌పూల్‌తో సువారెజ్ ఒప్పందంలో ఉన్న 4 కోట్ల పౌండ్ల క్లాజ్ (ఆటగాడిని కొనడానికి రాసుకున్న ధర షరతు) దాటడానికి. క్లాజ్ ఉన్న మాట నిజమే, అయినా అమ్మకూడదనుకున్నామని లివర్‌పూల్ యజమాని జాన్ హెన్రీ తర్వాత చెప్పాడు. ఆ సీజన్ (2013-14) లీగ్‌లో సువారెజ్ లివర్‌పూల్ తరఫునే 31 గోల్స్ కొట్టాడు, మనం నాలుగో స్థానంలో ఆగాం. నా మటుకు నాకు ఆ ఒక్క పౌండే కొంప ముంచింది, అవతలివాళ్ల పంతం పెంచింది. కాదనేవాళ్లు గట్టిగా వాదించండి, వింటాను. ఆ ఏడాదే మనకు మిడ్‌ఫీల్డర్ ఓజిల్ వచ్చాడుగా అని మాత్రం అనకండి, అతను స్ట్రైకర్ కాదు.

ఒక్కొక్కరికి 3 నిమిషాలు. మ్యూట్‌లో చేరండి. తిట్లు వద్దు.

లింక్ ఆదివారం సాయంత్రం పెడతాను. పేర్లు మర్చిపోకండి, శనివారం లోపే!