పారిశుద్ధ్య కార్మికులకూ శిక్షణ ఇవ్వండి

సంపాదకుడికి,

శ్రీకాకుళం జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా, ఆ తర్వాత హెడ్ నర్సుగా పనిచేశాను. ఏదైనా ఆసుపత్రి నాణ్యతా గుర్తింపుకు సిద్ధమవుతోందని పత్రికలో చదివినప్పుడల్లా నాకు ఒక మనిషి గుర్తుకు వస్తుంది.

మా ఆసుపత్రికి తనిఖీ బృందం రావడానికి ముందు రోజు, ప్రసూతి వార్డులో ఊడ్చి తుడిచే ఒకామెను మూడు రోజులు పనికి రావద్దన్నారు. తనిఖీవారు అడిగితే ఆమె జవాబు చెప్పలేకపోతుందని, మార్కులు పోతాయని కారణం చెప్పారు. కాన్పు తర్వాత మాయను పసుపు సంచిలో వేసేది ఆమె. రక్తం పడిన నేల తుడిచేదీ, నిండిన సూదుల డబ్బా మోసేదీ ఆమే. ఆమె స్థానంలో జవాబులు వచ్చిన మరొకరిని నిలబెట్టాం. నేనూ అక్కడే ఉన్నాను, వద్దని అనలేదు. ఆ మూడు రోజుల కూలీ కూడా ఆమెకు రాలేదు. నాలుగో రోజు ఆమె వచ్చాక రంగు సంచులు ముందు పెట్టి అడిగాను. నియమాల పేర్లు చెప్పలేకపోయింది గానీ ఏ వ్యర్థం ఎందులో వేయాలో ఒక్కటీ తప్పకుండా వేసి చూపించింది. తనిఖీకి వచ్చినవారు కూడా చేసి చూపించమనే అడుగుతారు. ఆ అవకాశం ఆమెకు మేమే లేకుండా చేశాం.

కేంద్ర ఆరోగ్య శాఖ 2013లో తెచ్చిన ఎన్‌క్వాస్ (జాతీయ నాణ్యతా హామీ) ప్రమాణాల్లో ఒక్కొక్క అంశానికి 0, 1, 2 చొప్పున మార్కులు వేస్తారు. గుర్తింపు రావాలంటే మొత్తం మీద కనీసం 70 శాతం రావాలి. వచ్చేవారు వార్డును కళ్లతో చూస్తారు, సిబ్బందిని అడుగుతారు, రికార్డులు తిరగేస్తారు, రోగులతో మాట్లాడతారు. ఈ నాలుగింటిలో ముందు రోజు రాత్రి బట్టీ పట్టించగలిగింది ఒక్కటే. కానీ మన దగ్గర సన్నద్ధత అంతా ఆ ఒక్కదాని మీదే నడుస్తుంది. ప్రశ్నలూ జవాబులూ జిరాక్సు తీసి పంచుతారు. చేతులు కడగడంలో మెట్లు ఎన్ని అంటే ఆరు అని అందరూ చెబుతారు. సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు పట్టాలనీ చెబుతారు. వార్డు చివర ఉన్న కుళాయి దగ్గర సబ్బు ఉందా, మధ్యాహ్నం తర్వాత నీళ్లు వస్తున్నాయా అని మాత్రం ఎవరూ అడగరు. నలభై మంది రోగులను ఒక్కతే చూసుకునే నర్సు ప్రతిసారీ ఆ కుళాయి దాకా నడిచి వెళ్లాలంటే అయ్యే పని కాదు. నీళ్లు లేకుండానే 20, 30 సెకన్లలో చేతులు శుభ్రమయ్యే ఆల్కహాల్ రబ్ సీసాను మంచం పక్కనే పెడితే, ఎంత మంచి ఉపన్యాసం కన్నా ఎక్కువ మేలు జరుగుతుంది.

రోగిని గుర్తుపట్టే పద్ధతి కూడా మన జిల్లాకు తగ్గట్టు నేర్పాలి. అప్పారావు అని పిలిస్తే ఇద్దరు ముగ్గురు తలెత్తే వార్డులు మనవి. సింహాచలం అనే పేరు మగవారికీ ఉంది, ఆడవారికీ ఉంది. "నువ్వు సింహాచలానివేనా?" అని అడిగితే, జ్వరంతో మగతగా ఉన్న మనిషి ఎవరైనా తలూపుతాడు. "నీ పేరేమిటి? మీ నాన్న పేరేమిటి?" అని అడిగి అతని నోటితోనే చెప్పించుకుని, కేస్ షీటు మీది నంబరుతో సరిచూసుకున్నాకే సూది వేయాలి. మంచం నంబరును నమ్ముకుంటే ప్రమాదం. రద్దీ రోజుల్లో రోగులు మంచాలు మారుతూనే ఉంటారు. ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చేవారిలో ఒడియా మాత్రమే తెలిసినవారు ఉంటారు. వారిని ఎవరు అడగాలో, ఏ భాషలో అడగాలో కూడా శిక్షణలో చెప్పాలి.

ఉద్దానం గురించి ఆలోచించినప్పుడు నాకు భయం వేస్తుంది. సోంపేట, కవిటి, పలాసల్లో కిడ్నీ రోగులు వారానికి రెండు మూడు సార్లు, సుమారు నాలుగు గంటల చొప్పున డయాలసిస్ మంచం మీద గడుపుతారు. ఒంట్లోని రక్తం యంత్రంలోకి వెళ్లి తిరిగి వచ్చే చోటు అది. ఒకరు లేచి మరొకరు పడుకునే మధ్యలో యంత్రాన్నీ మంచాన్నీ సరిగ్గా తుడవకపోతే, చేతి తొడుగులు మార్చకపోతే, హెపటైటిస్ బి, సి ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి. ఆ మధ్య సమయంలో తుడిచే చేతులు చాలాసార్లు కాంట్రాక్టు కార్మికులవే. వారికి ఎవరు నేర్పారు?

2016 నాటి జీవ వైద్య వ్యర్థాల నిబంధనలు ఈ విషయంలో స్పష్టంగానే ఉన్నాయి. వ్యర్థాలను తాకే ప్రతి ఒక్కరికీ పనిలో చేరగానే, ఆపై ఏడాదికి కనీసం ఒకసారి శిక్షణ ఇవ్వాలి. హెపటైటిస్ బి టీకా వేయించాలి. ఆ టీకా మూడు డోసులు, పూర్తి కావడానికి ఆరు నెలలు పడుతుంది. కార్మికులను పెట్టే కాంట్రాక్టు ఏజెన్సీ మారినప్పుడల్లా మనుషులు మారితే రెండో డోసు దగ్గరే ఆగిపోతుంది, నేర్చుకున్నదీ వారితోనే పోతుంది. వాడిన సూది గుచ్చుకుంటే ఎవరికి చెప్పాలో తెలియక, చెబితే పని పోతుందేమోనని చీరకొంగుతో తుడుచుకుని ఊరుకున్న వారిని నేను చూశాను. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటల లోపు మొదలుపెట్టాలి. చెబితే పని పోతుందన్న భయం పోగొట్టని శిక్షణ ఎన్ని గంటలు ఇచ్చినా వారికి పనికిరాదు.

సమావేశ మందిరంలో తెర మీద బొమ్మలు చూపే శిక్షణ కన్నా, డ్యూటీ మారే వేళ వార్డులోనే పది నిమిషాలు, తెలుగులో, చేతితో చేయించే శిక్షణ మేలని నా అనుభవం. ఎంఎన్‌వోలు, ఎఫ్‌ఎన్‌వోలు (వార్డులో సాయం చేసే మగ, ఆడ నర్సింగ్ ఆర్డర్లీలు), స్ట్రెచర్ తోసేవారు, కాపలా సిబ్బంది అందరూ అందులో నిలబడాలి. గుర్తింపు పత్రం గడువు మూడేళ్లు. తనిఖీ వారం గడిచాక ఆ పది నిమిషాలు ఆపేస్తే మిగిలిన రోజుల్లో రోగికి ఆ పత్రంతో పనేమిటి?

మన జిల్లా ఆసుపత్రుల అభివృద్ధి సంఘాలకు నాది ఒకటే విన్నపం. పారిశుద్ధ్య కాంట్రాక్టు మళ్లీ ఇచ్చేటప్పుడు టీకా మూడు డోసుల ఖర్చును, శిక్షణ గంటలకు కూలీని ఒప్పందంలోనే రాయించండి. ఏజెన్సీ మారినా పాత కార్మికులనే కొనసాగించాలని షరతు పెట్టండి. తనిఖీ జరిగే రోజుల్లో ఏ కార్మికురాలినీ ఇంటికి పంపకూడదని సూపరింటెండెంట్లకు రాతపూర్వకంగా ఆదేశాలు ఇప్పించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత హెడ్ నర్సు,
శ్రీకాకుళం