కళ్లు మండితే చీటీ లేని చుక్కలు వద్దు

సంపాదకులకు నమస్కారం.

ఖమ్మంలో పదకొండేళ్లుగా డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుతున్నాను. పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి ఎనిమిది దాకా కంప్యూటర్ ముందే కూర్చుంటాను. రెండేళ్ల కిందట కళ్లలో ఇసుక పడ్డట్టు గరగర మొదలైంది. సాయంత్రానికి ఎర్రబడి నీళ్లు కారేవి. మందుల షాపుకు వెళ్లి, కళ్లు ఎర్రబడుతున్నాయి, చుక్కలు ఇవ్వండి అన్నాను. చీటీ అడగకుండానే ఇచ్చారు. వేసుకున్న కాసేపటికి హాయిగా ఉండేది. మానేస్తే మళ్లీ మొదలు. అలా ఐదు నెలలు వాడాను.

చివరికి కంటి డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన ముందు ఆ సీసా చేతిలోకి తీసుకుని, ఇది స్టెరాయిడ్, ఎవరు రాశారని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. డాక్టరు పరీక్షలు లేకుండా నెలల తరబడి స్టెరాయిడ్ చుక్కలు వేసుకుంటే కంట్లో ఒత్తిడి పెరిగి, కంటి నరం దెబ్బతినే గ్లకోమా జబ్బు రావచ్చు, శుక్లం తొందరగా ముదరవచ్చు. గ్లకోమాతో పోయిన చూపు తిరిగి రాదు. నాకు ఒత్తిడి కొద్దిగానే పెరిగింది, మందు ఆపాక తగ్గింది. కానీ రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో మేం పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేను.

అసలు సమస్య కళ్లు పొడిబారడమేనట. నీళ్లు కారుతుంటే పొడి ఏమిటని నాకూ అనుమానం వచ్చింది. కన్నీటి మీద సన్నటి నూనె పొర ఉంటుంది. ఆ నూనె రెప్పల అంచుల్లోని గ్రంథుల నుంచి వస్తుంది. అది తగ్గితే కన్నీరు త్వరగా ఆవిరై కన్ను మండుతుంది. ఆ మంటకే ఒక్కసారిగా నీళ్లు ఊరతాయి, కానీ అవి కంటి మీద నిలవవు.

ఆ రోజు డాక్టరు గారు నా దినచర్య అంతా అడిగారు. మామూలుగా నిమిషానికి 15 నుంచి 20 సార్లు పడే రెప్ప, తెర చూస్తున్నప్పుడు అందులో సగం కూడా పడదు. పడినా పూర్తిగా మూసుకోదు. పైగా నా మానిటర్ పాత సీపీయూ మీద ఎత్తుగా ఉండేది. తల ఎత్తి చూస్తే కన్ను ఎక్కువ తెరుచుకుని అంత త్వరగా ఆరిపోతుంది. మెషిన్ల కోసం పెట్టిన ఏసీ గాలి నేరుగా నా మొహానికే కొట్టేది. బండి మీద హెల్మెట్ అద్దం ఎప్పుడూ పైకే. రాత్రి తల దగ్గర టేబుల్ ఫ్యాను, కాళ్ల దగ్గర దోమల చుట్ట. తుమ్ములకని రోజూ వేసుకునే సెట్రిజిన్ మాత్ర కూడా కొందరిలో కన్నీరు తగ్గిస్తుందట. ఇందులో ఏ ఒక్కటీ నాకు తప్పుగా తోచలేదు. మానిటర్ దించాను, ఏసీ రెక్కలు తిప్పాను, ఇరవై నిమిషాలకోసారి వీధిలోకి చూస్తూ నిండుగా రెప్పలు వేస్తున్నాను. డాక్టరు రాసిన కృత్రిమ కన్నీళ్లు, రాత్రిపూట రెప్పల మీద గోరువెచ్చని గుడ్డ కాపడం. రెండు నెలల్లో గరగర చాలావరకు పోయింది.

కంట్లో తేనె, తల్లిపాలు, రోజ్ వాటర్ వేయమని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ప్రేమతోనే చెబుతారు. కానీ శుభ్రం చేయనిది ఏది వేసినా ఇన్ఫెక్షన్ రావచ్చు. దయచేసి వేయకండి.

రాష్ట్ర ప్రభుత్వం ఉచితంగా కంటి పరీక్షలు చేయించిన కంటి వెలుగు కార్యక్రమం రెండో విడత 2023 జనవరి 18న మా ఖమ్మంలోనే మొదలైంది. నాకు దగ్గరి చూపు అద్దాలు ఆ శిబిరంలోనే వచ్చాయి, ఇప్పుడు వాడుతున్నది అవే. ప్రభుత్వం మళ్లీ అలాంటి శిబిరాలు పెడితే అక్షరాలు చదివించడంతో పాటు రెండు ప్రశ్నలు కూడా అడిగించాలని నా విన్నపం: కళ్లు మండుతున్నాయా? ఏం చుక్కలు వేసుకుంటున్నారు?

స్టెరాయిడ్ చుక్కలు డాక్టరు చీటీ మీదే అమ్మాలని చట్టం ఉంది. ఔషధ నియంత్రణ అధికారులు దాన్ని అమలు చేయించాలి. మిర్చి సీజన్ మొదలైతే యార్డులో హమాలీలు, కాటా దగ్గర పనిచేసేవాళ్లు ఘాటుకు, దుమ్ముకు కళ్లు నలుపుకుంటూనే ఉంటారు. డాక్టరు దగ్గరికి వెళ్తే ఆ పూట కూలీ పోతుంది, అందుకే సాయంత్రం మందుల షాపుకు వెళ్తారు. ఈసారి జనవరిలో సరుకు రాకముందే అధికారులు యార్డు చుట్టుపక్కల షాపుల్లో తనిఖీ చేయాలి. వారానికి ఒక్కరోజైనా యార్డులోనే కంటి డాక్టరును కూర్చోబెట్టాలి.

- ఒక డీటీపీ ఆపరేటర్, ఖమ్మం